మూడు విజిల్స్‌కి మూడు కొటేషన్లు

దేవమణి చెవుల సంగతి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెలియనివాళ్ళు లేరు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పందొమ్మిదేళ్ళుగా ఆపరేటరు. అవతలివాళ్ళు హలో అని పూర్తిగా అనకముందే, "గుడ్ మార్నింగ్ సార్, జలుబు తగ్గిందా?" అని అడిగేది. ఫోన్లో ఊపిరి పీల్చుకున్న తీరును బట్టే అది ట్రాన్స్‌ఫర్ మాటో, పెళ్ళి మాటో, చావు కబురో చెప్పగలదని పేరు. ఆ పేరంటే ఆమెకి లోలోపల మహా ఇష్టం. నలభై రెండేళ్ళు వచ్చాయి. పెళ్ళి చేసుకోలేదు. ఉంటున్న క్వార్టరు అన్నయ్యది, వంటిల్లు అమ్మది. తనది అని చెప్పుకోడానికి ఆ రెండు చెవులు తప్ప ఇంకేమీ లేవని అద్దం ముందు తల దువ్వుకునేటప్పుడు ఒక్కోసారి అనిపించేది.

1987 వానాకాలంలో తనదంటూ ఇంకొకటి కూడా దొరికింది. అది ఒక ఆలోచన.

అది పుట్టింది మాడిన కందిపప్పులోంచి. వాళ్ళమ్మ ఎలీసమ్మ కుక్కర్ పెట్టి విజిల్స్ లెక్కపెట్టేది. మూడు రాగానే దించాలి. కానీ గోడకి అవతల అప్పలనర్సమ్మ ఉంది కదా. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన తవిటయ్య భార్య. రెండో విజిల్ దగ్గర ఆవిడ "ఒదినా" అని పిలిచేది, అంతే, లెక్క గాలిలో కలిసిపోయేది.

"రెండా, మూడా?"

"నాను మూడు ఇన్నాను ఒదినా."

"నీ కుక్కర్‌ది కూడా కలిపీసినావేటే? నాది రెండే!"

ఈ తగువు తేలేలోపు పప్పు అడుగంటేది. వారంలో రెండుసార్లయినా ఆ ఇంట్లో మాడు వాసనతో భోజనం.

ఒకరోజు దేవమణి బోర్డు ముందు కూర్చుని ఉండగా, పక్కన కాల్స్ లెక్కపెట్టే మీటరు టిక్కుమని ఒక అంకె తిరిగింది. పందొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నదే. ఆరోజు మాత్రం ఆమె దానివైపు తల తిప్పి అలాగే ఉండిపోయింది. కాల్‌ని లెక్కపెట్టే మీటరు ఉన్నప్పుడు విజిల్‌ని లెక్కపెట్టేది ఎందుకు ఉండకూడదు? చిన్న డబ్బా. మూడు అని పెడితే, మూడో విజిల్‌కి ట్రింగుమని గంట కొడుతుంది. అమ్మ ఎంతసేపైనా గోడ దగ్గర నిలబడొచ్చు. ఆ పూట నలుగురికి తప్పు నంబర్లు కలిపింది, నలుగురితోనూ నవ్వుతూ సారీ చెప్పింది.

గోల్ బజార్‌లో గిన్నెల దుకాణం సేఠ్‌కి ఈ మాట చెబితే ఆయన తక్కెడలో తూకపురాయిలా కదలకుండా విన్నాడు. విని, "మా ఇంట్లోనూ మాడుతుంది బెహెన్‌జీ" అన్నాడు. "మాట కాదు, వస్తువు తీసుకురండి. దుర్గా పూజ షష్ఠి రోజున నా కొట్లో, జనం ముందు పనిచేయాలి. చేస్తే ఆర్డరు. చేయకపోతే మళ్ళీ ఈ సంగతి నాకు చెప్పకండి. నేను ఒక వస్తువుని రెండోసారి చూడను."

షష్ఠికి రెండు నెలలు. దేవమణికి ఫ్యూజు వేయడం కూడా రాదు. ఎవరిచేతనైనా చేయించాలి. చేతిలో ఉన్న డబ్బు ఒక్కరికి ఇచ్చుకోడానికే సరిపోతుంది. ఆ ఒక్కరు సరైనవాళ్ళు కాకపోతే, షష్ఠి సాయంత్రానికి తనదంటూ మిగిలేది మళ్ళీ చెవులే.

"మూడు కొటేషన్లు తియ్యాల" అన్నాడు అన్నయ్య విల్‌ఫ్రెడ్.

ఆయన గార్డు. గూడ్స్ బళ్ళమీద ఇరవై ఏడేళ్ళ సర్వీసు. రైల్వేలో ఒక చీపురు కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి, వాటిని పక్కపక్కన పెట్టి కంపారటివ్ స్టేట్‌మెంట్ గీయాలి, తక్కువ చెప్పినవాడికి ఇవ్వాలి. ఆ ఊళ్ళో మనవాళ్ళకి ఈ పద్ధతి ఆఫీసులో మొదలై ఇంట్లోకి వచ్చేసింది. కిటికీ తెరలకి మూడు కొటేషన్లు. క్రిస్మస్ కేకుకి మూడు. విల్‌ఫ్రెడ్ తన పెళ్ళికి కూడా మూడు సంబంధాలకి గడులు గీశాడని, ఆ కాయితం చూసి మూడూ పారిపోయాయని కాలనీలో చెప్పుకుంటారు. ఆయన కాదనడు.

"అన్నియ్యా, ఇది చీపురు కాదు."

"సీపురైనా, రాకెట్టైనా మూడే. రూళ్ళకర్ర ఇటియ్యి."

ఎర్ర సిరాతో గడులు తయారయ్యాయి. పేరు, ధర, గడువు, రిమార్కులు.

మొదట కలకత్తా నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. టై కట్టుకున్నాడు. ఆగస్టు ఉక్కలో మెడ మీద చెమట కాలువలు కడుతుంటే చూసి ఎలీసమ్మ విసనకర్ర ఇచ్చింది. ఆయన రంగుల బొమ్మల పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని, దేవమణి ఏమడిగినా "హో జాయేగా మేడమ్" అన్నాడు, అయిపోతుందని. చిన్నగా ఉండాలి. హో జాయేగా. నీళ్ళు పడినా పాడవకూడదు. హో జాయేగా. దేవమణికి మొదట గాల్లో తేలినట్టుంది. అయితే ఆవిడ ఆపరేటరు, గొంతు పసిగట్టగలదు. ఆ గొంతులో మాటలు వినకుండానే జవాబు చెబుతున్న ధోరణి ఏదో తగిలింది.

"ఎవరూ లేనప్పుడు అదే వెళ్ళి స్టవ్ ఆర్పేయాలండి."

"హో జాయేగా."

"ఆదివారం చర్చికి కూడా రావాలి."

"హో జాయేగా మేడమ్."

ఎలీసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. విల్‌ఫ్రెడ్ రిమార్కుల గడిలో ‘అన్నింటికీ సరే’ అని రాసి, కింద గీత గీశాడు.

రెండోది ప్రేమ్ బజార్ నుంచి. శేఫాలి మొండల్. ఇరవై ఆరేళ్ళు, సుందర్బన్ దీవుల పిల్ల. మూడు నెలల క్రితం ఇంజనీరింగు కాలేజీలో లేబ్ అసిస్టెంటుగా చేరి, ప్రేమ్ బజార్‌లో గది తీసుకుంది. సాయంత్రాలు మీటర్లూ అవీ తయారు చేసి ఇస్తుందని ఎక్స్చేంజిలో ఎవరో చెప్పారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, మోకాళ్ళదాకా బురద చిందిన సైకిలు. వచ్చి కూర్చుంది. మాట్లాడే తీరే విచిత్రంగా ఉంది.

"దీదీ, ఈ డబ్బా ఎక్కడ..." అని ఆగిపోయింది. కిటికీకేసి చూసింది. కాసేపయ్యాక, "...ఎక్కడ పెడతారు?" అంది.

"స్టవ్ పక్కన."

"రోజుకి ఎన్నిసార్లు..." మళ్ళీ ఆగింది. ఇంటిల్లిపాదీ ఆమె నోరు చూస్తూ కూర్చున్నారు. "...కుక్కర్ పెడతారు? ఏ ఏ టైముల్లో?"

"మన వొంటలు ఆ పిల్లకెందుకే?" అని ఎలీసమ్మ తెలుగులో గొణిగింది.

ధర అడిగితే చెప్పలేదు. గడువు అడిగితే చెప్పలేదు. "ముందు మీ వంటింట్లో ఒక పూట కూర్చోవాలి. అప్పుడు చెబుతాను. ఇప్పుడు చెబితే అబద్ధం అవుతుంది. అసలు మీరనుకున్నట్టు కుదరకపోవచ్చు కూడా" అంది. 

కుదరకపోవచ్చు. ఆ మాట దేవమణికి గుచ్చుకుంది. పగలంతా ఊరందరికీ ‘లైను బిజీ’ అని చెప్పే మనిషే, తనకి ఎవరైనా కాదంటే మాత్రం ముఖం మీద తలుపు వేసినట్టుంటుంది. చిన్నప్పటినుంచీ అంతే. అందుకే ఎవరినీ పెద్దగా ఏమీ అడగకుండా నలభై రెండేళ్ళు గడిపేసింది. ఈ డబ్బా ఒక్కటే ఆమె లోకాన్ని అడిగినది.

"ధర లేదు, తారీకు లేదు" అన్నాడు విల్‌ఫ్రెడ్, ఆ పిల్ల సైకిలు సందు దాటగానే. "ఇన్‌కంప్లీట్ కొటేషన్. రూలు ప్రకారం రిజెక్టు." రిమార్కుల్లో ‘మాట మధ్యలో ఆగిపోతుంది, నత్తి కాబోలు’ అని కూడా చేర్చాడు.

మూడోవాడు జగ్గారావు. మలంచాలో రేడియో రిపేరు కొట్టు. మనోడు. తాత చీపురుపల్లి దగ్గర్నుంచి వర్క్‌షాపు పనికొచ్చాడు, తండ్రి యార్డు పక్క క్వార్టర్లోనే పుట్టాడు, వీడూ అక్కడే పుట్టాడు. అక్కని అప్పా అనడం వాళ్ళ తాత ఊరి అలవాటు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే దేవమణితో మొదలెట్టాడు.

"అప్పా, నువ్వు సెప్పకు, నాను సెప్తాను. విజిల్ ఇనాల, లెక్కెట్టాల, గంట కొట్టాల. అంతేగదా?"

"అంతే! అంతే జగ్గా!"

"మైకు ముక్క ఒకటి, లోపల నాలుగు ఐసీలు. నెల్లాళ్ళు. బేగి సేసి పడీస్తాను."

ధర మూడింటిలో తక్కువ. అన్ని గడులూ నిండాయి. విల్‌ఫ్రెడ్ పెన్ను మూత పెట్టేశాడు. దేవమణికి మాత్రం గడులతో పనిలేదు. తన వాక్యాన్ని తనకంటే ముందే పూర్తి చేసేవాడు దొరికాడు. అర్థం చేసుకోవడమంటే ఇదే కదా అనుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఊరికే నవ్వుతుంటే వాళ్ళమ్మ నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

జగ్గారావు మాట నిలబెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి మలంచా కొట్టు వెనకగదిలో, షట్టరు దించి, కుక్కర్ పెట్టి చూపించాడు. పదకొండుసార్లు పెడితే పదకొండుసార్లూ మూడో విజిల్‌కి ట్రింగుమంది. దేవమణి చప్పట్లు కొట్టి, అది చాలక టేకు స్టూలు మీద దరువు వేసింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక క్వార్టర్లో ప్రదర్శన. షష్ఠికి ఇంకా తొమ్మిది రోజులు. వంటింట్లో తొమ్మిదిమంది. తవిటయ్యకి కుర్చీ వేశారు. గంట మోగగానే చప్పట్లు కొట్టే బాధ్యత అప్పలనర్సమ్మకి అప్పగించారు. జగ్గారావు డబ్బాని స్టవ్ పక్కన పెట్టి, మూడు దగ్గర ముల్లు తిప్పి, స్విచ్చి నొక్కాడు.

ఎలీసమ్మ ఇంకా పప్పు కడుగుతోంది.

డబ్బా మీద ‘1’ వెలిగింది.

"ఓలమ్మ! స్టవ్ ఎలిగించనేలేదు గదే!"

‘2’ వెలిగింది. జగ్గారావు డబ్బా వీపు మీద తట్టాడు. ‘3’. ట్రింగ్. అప్పలనర్సమ్మ చప్పట్లు కొట్టింది.

"ఒసే, ఆపు!" అన్నాడు తవిటయ్య.

"గంట కొట్టగానే కొట్టమన్నారు గదా, నాకేటి తెలుసు!"

బ్యాటరీ మార్చారు. మళ్ళీ లెక్కపెట్టింది. తీగలు కదిపారు. లెక్కపెట్టింది. కుక్కర్ తెచ్చి దాని పక్కన పెట్టారు, అలవాటు పడుతుందని. కుక్కర్ చల్లగా కూర్చునుంది, డబ్బా నాలుగు, అయిదు, ఆరు అంటూ పోతోంది. గాలి తగలక వేడెక్కిపోతోందేమోనని విల్‌ఫ్రెడ్ దాన్ని కిటికీలో పెట్టాడు. అక్కడ ఇంకా రెచ్చిపోయింది. నిమిషంలో అయిదు.

"గాలి పడట్లేదు దానికి" అని ఆయన తేల్చాడు.

"దిష్టి" అంది అప్పలనర్సమ్మ.

ఎలీసమ్మ తల మీద కొంగు కప్పుకుని, డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే ట్రింగుమంది. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో అందుకున్నారు, తవిటయ్య కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. దేవమణి కూడా నవ్వింది. నవ్వుతూనే వెళ్ళి స్నానాలగది తలుపు వేసుకుంది. లోపల నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు డ్యూటీలో వాల్తేరు నుంచి ట్రంక్ కాల్. ఎవరో పెద్దాఫీసరు. పార్టీని పిలుస్తున్నానని చెప్పబోతే ఆయన అడ్డం వచ్చాడు. "అమ్మా, ఒక్క నిమిషం. ఆ ఇంజను కూత ఆగాక చెప్పండి. ఏమీ వినిపించడం లేదు."

ఏ కూత సార్? అనబోయింది. పందొమ్మిదేళ్ళుగా ఇలా అన్న ప్రతివాడికీ ఆ మాటే అంది. లైనులో ఏదో గోల ఉంటుంది పాపం, కూత అనుకుంటున్నారు అని జాలిపడింది కూడా. ఈసారి ‘ఏ’ దగ్గర నోరు ఆగిపోయింది.

కూత వినిపించింది.

కిటికీ అవతల, యార్డులో, పొడుగ్గా, చెవులు చిల్లులు పడేలా. అది ఆగగానే ఇంకోటి, దూరంగా. తర్వాత గార్డు విజిలు. తర్వాత మళ్ళీ ఇంజను. ఇవన్నీ ఇప్పుడే మొదలైనట్టు! ఆమె పెన్సిల్‌తో కాయితం మీద గీతలు పెట్టింది. పది నిమిషాల్లో పధ్నాలుగు. పుట్టినప్పటినుంచీ ఇవి కూస్తూనే ఉన్నాయి, ఊరు మొత్తం చెవి నిండా కూస్తున్నాయి. చెవి వెనకాల ఎవరో గుమాస్తా కూర్చుని, ‘ఇది అక్కర్లేదు, ఇది రోజూ వచ్చేదే’ అని ఒక్కొక్కటీ పక్కన పడేస్తున్నాడు. ఆ ముక్క ఆమెకి ఎన్నడూ చెప్పలేదు. ఇంత పేరున్న చెవులు! ఇంకా ఏమేం పడేశాడో. ఒక్కసారి అడుగు కింద మెట్టు లేనట్టనిపించింది. వెంటనే, ఎందుకో, చెప్పలేనంత సంతోషం. నలభై రెండేళ్ళ మనిషికి ఊరు ఊరంతా కొత్తగా మోగింది.

జగ్గాకీ వినిపించదు. మూడు తరాలుగా యార్డు పక్కనే బతుకుతున్న ఇల్లు. అన్నయ్యకి అసలే వినిపించదు. ఆ డబ్బా ఒక్కటే, పాపం, నిజాయితీగా విన్నది. మరి ఆ వంటింట్లో ఇంకెవరు విన్నారు?

మాట మధ్యలో ఆగిన పిల్ల. కిటికీకేసి చూసిన పిల్ల.

దేవమణి బోర్డు ముందే పగలబడి నవ్వింది. తలకున్న హెడ్‌సెట్ జారి మెడలో పడింది. "కడుపునొప్పా దీదీ?" అని పక్కసీటు అమ్మాయి అడిగింది. "అవును, పర్మిషన్ చెప్పు" అని బయటికొచ్చి రిక్షా ఎక్కింది, దారిలో ఇంటి దగ్గర ఆగి డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ కొట్టు మేడ మీద శేఫాలి గది. తలుపు తీయగానే దేవమణి ఒకే ఊపిరిలో అడిగింది. "ఆరోజు నువ్వు మా ఇంట్లో మాట ఆపింది రైళ్ళ కోసమా?"

"మరి దేనికి దీదీ? కూతలో మాట్లాడితే మీకు వినపడదని ఆగాను. మా దీవిలో రైలే లేదు, పడవలే. ఇక్కడికొచ్చాక నాకు సరిగా నిద్ర కూడా లేదు."

"మరి ఆ మాట మాకు చెప్పలేదేం?"

శేఫాలి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మీరందరూ ఏమీ లేనట్టు కూర్చున్నారు. రైళ్ళని పట్టించుకోకపోవడం ఇక్కడి మర్యాద అనుకున్నాను. కొత్తగా వచ్చినదాన్ని, ఎత్తిచూపితే బాగుండదని..."

దేవమణి నవ్వి నవ్వి మెట్ల మీద చతికిలబడింది. అంతా విని డబ్బా చూశాక శేఫాలి చెప్పిన మొదటి మాట, "కాదు."

"కాదా?"

"దీన్ని బాగుచేయలేం. కుక్కర్ కూత, ఇంజను కూత వేరు చేసి వినడం ఎనిమిది రోజుల్లో దీనికి నేర్పలేను. నేర్పుతానంటే అబద్ధం."

ముఖం మీద మళ్ళీ అదే తలుపు. దేవమణి లేచి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు లేవబోయాయి కూడా. కానీ పొద్దున్నే ఆ గుమాస్తా పని చూసింది కదా, ఇష్టం లేనివాటిని కూడా వాడే పక్కన పడేస్తున్నాడేమో అనిపించింది. అలాగే కూర్చుని, ఆ ‘కాదు’ని పూర్తిగా విన్నది. చివరిదాకా వింటే అందులో కోపమేమీ లేదు. పని ఉంది.

"అయితే ఏం చేద్దాం?"

"రేపు పొద్దున్న మీ వంటింట్లో కూర్చుంటాను."

మర్నాడు ఏడింటికే వచ్చి ముక్కాలిపీట వేసుకుని స్టవ్‌కి మూరెడు దూరంలో కూర్చుంది. రెండు గంటలు పలకలేదు. "ఈ గుంట వొండదు, తినదు, సూస్తాది" అంది ఎలీసమ్మ. పప్పు అయింది, అన్నం పెట్టారు. మొదటి విజిల్‌కి ఆవిరి బుస్సున లేచి శేఫాలి కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. తుడుచుకుంది. రెండో విజిల్‌కి మళ్ళీ. మూడోదానికి తుడుచుకోలేదు. గుడ్డిదానిలా చేతులు చాచి లేచింది.

"దీదీ! వినొద్దు! విననే వద్దు దీన్ని! నా అద్దాలు లెక్కపెడుతున్నాయి!"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గాల్లో వేలితో బొమ్మ గీసి చెప్పింది. ఆవిరి వచ్చే దారిలో పల్చటి రేకు ముక్క. ఆవిరి తోస్తే లేస్తుంది, పైన తీగకి తగులుతుంది, ఒకటి. ఆవిరి ఆగితే పడుతుంది. ఇంజను ఎంత అరిచినా రేకు లేవదు.

ఆ రేకు కొయ్యడానికి మంచి చెయ్యి కావాలి. శేఫాలి కోసినవి మూడూ వంకరపోయాయి. జగ్గారావుని పిలిపించారు. అతను ముఖం ముడుచుకుని వచ్చాడు.

"రైళ్ళు కూస్తే నాకు ఇనిపించదా అప్పా? యార్డు పక్కన పుట్టినోణ్ణి, నాకు సెప్తాదా ఈ పడవలమ్మాయి?"

శేఫాలికి ఆ ముక్క తర్జుమా చేసి చెప్పారు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "దాదా, ఇలా కూర్చోండి. రైలు కూత వినిపించినప్పుడల్లా వేలెత్తండి. చాలు."

జగ్గారావు దర్జాగా కూర్చున్నాడు. చేపల బేరగత్తె అరిస్తే, "ఇది కాదు, నాకు తెల్సు" అన్నాడు. కాకి అరిస్తే కాకి అన్నాడు. అయిదు నిమిషాలైంది. వేలు లేవలేదు.

"ఈయాల బళ్ళు లేవేటి?"

శేఫాలి పక్కన కూర్చుని అతని చూపుడువేలు పట్టుకుంది. పైకెత్తింది, దించింది, ఎత్తింది, దించింది. ఏడోసారి ఎత్తినప్పుడు జగ్గారావు నోరు తెరుచుకుంది.

"ఓర్నాయనో! ఏటది, అంత గట్టిగ! ఒలే, పొద్దున్నుంచీ ఇలాగే కూస్తన్నాదేటి?"

"నీ తాత కాలం నుంచీ" అంది దేవమణి.

ఇక ఆ రోజంతా అతను వేలు దించలేదు. రేకు కోస్తూ ఎడమచేతి వేలెత్తేవాడు, టీ తాగుతూ ఎత్తేవాడు. విల్‌ఫ్రెడ్‌కి కూడా నేర్పించబోయారు. "నేను డ్యూటీలో లేనప్పుడు ఏ రైలూ కూయదు" అని ఆయన పడుకున్నాడు. కానీ లేచాక కంపారటివ్ స్టేట్‌మెంట్ తెచ్చి చాలాసేపు చూశాడు. రిజెక్టయిన ఇన్‌కంప్లీట్ పార్టీ తల, తక్కువ ధర పార్టీ చెయ్యి. రెండింటినీ కలిపి పెట్టుకోడానికి రూలు లేదు. చివరికి కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి మంచం కోడు కింద దూర్చాడు. మంచం ఊగడం తగ్గింది.

జగ్గారావు పదహారు రేకులు కోశాడు. పదిహేనింటిని శేఫాలి కాదంది. పదహారోది చూసి ఊరుకుంది. అది సరేనని అర్థం.

షష్ఠి సాయంత్రం గోల్ బజార్ అంటే మనిషి మీద మనిషి. ఢాక్ అనే పెద్ద డోళ్ళు, మైకులో పాటలు, సైకిలు రిక్షాల గంటలు, బెలూన్లవాళ్ళ పీపీలు. విజిల్ కాదు కదా, ఉరుము ఉరిమినా వినిపించని చోటు. సేఠ్ తన కొట్టు అరుగు మీద కిరసనాయిలు స్టవ్ పెట్టించాడు. కొత్త గిన్నెల దొంతరల మధ్య ఎలీసమ్మ కుక్కర్‌తో రాణిలా కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు మూగారు. కుక్కర్ నోటి దగ్గర జగ్గారావు కోసిన ఇత్తడి రేకు, దాన్నుంచి తీగ, తీగ చివర డబ్బా.

దేవమణి డబ్బా మీది ముల్లు మూడు దగ్గరే ఉందో లేదో ఇంకోసారి చూసుకుంది. ఈ ఒక్కసారే. ఆయన రెండోసారి చూడడు.

ఆవిరి బుస్సుమంది. విజిల్ ఎవరికీ వినపడలేదు. రేకు లేచింది. ‘1’. ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. ‘2’. ఢాక్‌వాళ్ళు సరిగ్గా కొట్టు ముందుకొచ్చి దంచడం మొదలెట్టారు, డబ్బా బెదరలేదు. ‘3’. ట్రింగ్!

"హయే గెలో!" అని ఒక బెంగాలీ ముసలావిడ అరిచింది. అయిపోయిందని. జగ్గారావు గాల్లోకి ఎగిరి గిన్నెల దొంతర ఒకటి తన్నేశాడు. ఆ చప్పుడుకి ఇంకో ఇరవైమంది వచ్చి చేరారు.

సేఠ్ ముఖంలో ఏమీ కదలలేదు. "దీపావళికి అయిదు వందలు కావాలి" అన్నాడు. 

జగ్గారావు నోరు తెరిచాడు. అందులోంచి రాబోయే ‘అవుతాది’ దేవమణికి ముందే కనిపించింది. ఆమె లోపల కూడా అదే మాట ఎగిరెగిరి పడుతోంది. అయిదు వందలు! ఆ మాట బయటికి రాకముందే శేఫాలి అంది. "కాదు. రేకు చేత్తో కొయ్యాలి. పదహారుకి ఒకటి నిలబడుతోంది. దీపావళికి అరవై."

సేఠ్ ఆమెని దాటి చూశాడు. "బెహెన్‌జీ, ఇది మీ వస్తువు. మీరు చెప్పండి. అయిదు వందలంటే మాట్లాడుకుందాం. అరవై అంటే నేను కలకత్తాలో ఇంకొకరిని అడుగుతాను."

కలకత్తాలో ఎవరు దొరుకుతారో, వాళ్ళేమంటారో దేవమణికి తెలుసు. ఆ గొంతు కూడా చెవిలో ఉంది. ఒక్కసారి శేఫాలి వైపు చూసింది. ఆ పిల్ల బతిమాలడం లేదు, భయపడడం లేదు, కళ్ళద్దాల మీది ఆవిరి తుడుచుకుంటోంది.

"అడగండి సేఠ్‌జీ" అంది దేవమణి. "వాళ్ళు అయిదు వేలన్నా సరే అంటారు. మావి మాత్రం అరవయ్యే. అరవైలో ఒక్కటి పప్పు మాడ్చినా నా ఇంటికి తెచ్చి నా ముఖాన కొట్టండి."

తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఎక్స్చేంజిలో ఎప్పుడూ మెత్తగానే మాట్లాడింది. చెప్పేసింది. పోతే పోతుంది. 

సేఠ్ డబ్బాని చేతిలోకి తీసుకుని తిరగేశాడు. రేకుని గోటితో మీటాడు. కొట్టు పైనున్న ఇంటి మెట్ల మీంచి ఆయన భార్య మార్వాడీలో గట్టిగా ఏదో అంది. ఆయన నిట్టూర్చాడు.

"యాభై తొమ్మిది" అన్నాడు.

"అరవై అన్నాం కదండీ?"

"ఒకటి పైకి పోతోంది. ఇప్పుడే. ఇదే. అమ్మకానికి యాభై తొమ్మిదే మిగులుతాయి."

"నాకు ముందు!" అంది బెంగాలీ ముసలావిడ. "నేను అందరికంటే ముందొచ్చాను!" ఇంకొకావిడ ఆవిడ భుజం మీంచి చెయ్యి చాచింది. అరుగు కింద తగువు మొదలైంది. ఎవరు ముందో, ఎవరు వెనకో విల్‌ఫ్రెడ్ జేబులోంచి పెన్ను తీసి గడులు గీయబోతే, ఆ కాయితం కూడా ఎవరో లాక్కుపోయారు. జగ్గారావు దొర్లిన గిన్నెలు ఏరుతూ, నవ్వుతూ, శేఫాలికి తెలుగులో ఏదో చెబుతున్నాడు. ఆమెకి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు, అయినా తల ఊపుతోంది.

ఈలోగా ఎలీసమ్మ కుక్కర్ మూత తీసింది. పప్పు వెన్నలా ఉడికింది. అంతమంది ఆకలి ముఖాలు చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. పక్కనున్న దొంతరలోంచి తళతళలాడే కొత్త గిన్నెలు తీసి గరిటెతో వడ్డించడం మొదలెట్టింది.

"అమ్మా! అమ్మా! అవి అమ్మకానికి!" అని సేఠ్ కేకేశాడు.

"కడిగి ఇచ్చెయ్యమేటి బాబూ. ముందు తిను" అని ఆవిడ నిండు గిన్నె ఒకటి ఆయన చేతుల్లో పెట్టింది.